రాలిన కాయ – రాసిన అంకె

ఒకవైపు మహేంద్రగిరి, మరొకవైపు బంగాళాఖాతం. ఆ రెండింటి నడుమ, శ్రీకాకుళం జిల్లా ఈశాన్యపు కొసన పరచుకొన్న పచ్చని సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమన్న మాటే జనుల నోట నలిగి ఉద్దానమయిందని పెద్దలు చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఇసుక నేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు పల్లెలను కప్పి ఉంచుతాయి. దూరం నుంచి చూసేవారికి తోటలు కనిపిస్తాయే తప్ప ఇళ్ళు కనిపించవు.

ఈ సీమలో పుట్టిన బిడ్డకు భౌతికశాస్త్రంలోని తొలిపాఠం బడిలో చేరకముందే చెవిన పడుతుంది. నడిరాత్రి పెరట్లో దబ్బున ఒక చప్పుడవుతుంది. ఉలికిపడిన బిడ్డను తల్లి నిద్రమత్తులోనే జోకొట్టి, కాయ రాలిందని చెప్పి అటు ఒత్తిగిల్లుతుంది. కొబ్బరికాయకు మూడు కళ్ళుంటాయనీ, కింద మనిషి ఉంటే అది చూసి తప్పుకొని పడుతుందనీ ఒక నమ్మకం. అయినా కాయలున్న చెట్టు కింద ఎవరూ మంచం వేసుకోరు. నమ్మకాన్ని నోటితో చెబుతూనే మంచాన్ని చేతితో దూరంగా జరపడం ఆ ఊళ్ళ వివేకం.

పలాసకు తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో 2018వ సంవత్సరంలో తొమ్మిదవ తరగతి చదివిన ఒక బాలిక ఆ చప్పుడు వింటూ పెరిగినదే. ఆమె తల్లి పలాసలోని ఒక జీడిపప్పు కర్మాగారంలో పిక్కల నుంచి పప్పు తీసే పనికి పోయేది. తండ్రి వలసపోయి హైదరాబాదులో కట్టడపు పనుల్లో ఉండేవాడు. ఇంటి వెనుకనున్న కొద్దిపాటి కొబ్బరితోటను తాత చూసుకొనేవాడు.

ఆ పాఠశాలలో ప్రయోగశాల అంటే ఒక గది. గోడవారన గాజుతలుపుల బీరువాలు రెండు, నడుమ పొడవాటి చెక్కబల్ల, దానిపై ఇనుప స్టాండ్లు, దారపు ఉండ, కొక్కెం ఉన్న లోహపు గుండ్లు, ముల్లు తిరిగే స్టాప్‌వాచ్ ఒకటి. గురుత్వాకర్షణ పాఠం మొదలుపెట్టిన రోజున భౌతికశాస్త్రం మాస్టారు ఆ బీరువాను తెరవనేలేదు. ఒక చేతిలో డొక్క తీయని కొబ్బరికాయ, మరొక చేతిలో జీడిపిక్క పట్టుకొని పిల్లలందరినీ మేడమీది వరండాలోకి తీసుకొనిపోయారు. కాయ బరువు కిలోన్నర. పిక్క బరువు ఆరు గ్రాములు. అంటే కాయ పిక్కకు రెండువందల యాభై రెట్లు. "రెండూ ఒక్కసారే విడిచిపెడితే ఏది ముందు నేలను తాకుతుంది?" అని ఆయన అడిగారు.

కాయే ముందని తరగతి అంతా ఒక్క గొంతుతో అరిచింది. కొబ్బరితోటల్లో పెరిగిన పిల్లలకు ఆ విషయంలో సందేహమేముంటుంది? మాస్టారు రెండు చేతులూ ఒక్కసారే వదిలారు. కింద నిలుచున్నవారికి వినిపించినది ఒకే చప్పుడు. నమ్మలేక మళ్ళీ వేయించారు. మళ్ళీ ఒకే చప్పుడు. గాలి వల్ల పిక్క కొద్దిగా వెనుకబడే మాట నిజమే గాని, ఆ తేడా చెవికి అందనంత స్వల్పం.

బరువైనది వేగంగా పడుతుందన్న అభిప్రాయం ఆ పిల్లలది మాత్రమే కాదు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ కాలం నుంచి దాదాపు రెండువేల ఏండ్లు విద్వాంసులలో ఎక్కువమంది దానినే నమ్మారు. ఇటలీ దేశస్థుడైన గెలీలియో (1564–1642) ఆ నమ్మకాన్ని తర్కంతోనే కదిలించాడు. ఆయన వాదాన్ని ఉద్దానపు వస్తువులతో చెప్పుకోవచ్చు. కొబ్బరికాయకు జీడిపిక్కను దారంతో కట్టి విడిచిపెట్టారనుకొందాం. తేలికైనది మెల్లగా పడుతుందన్నది నిజమైతే, పిక్క కాయను వెనక్కు లాగాలి; అప్పుడు జంట కాయకన్న ఆలస్యంగా పడాలి. కాని రెండూ కలిసినపుడు బరువు పెరిగింది కదా! ఆ లెక్కన జంట కాయకన్న ముందుగా పడాలి. ఒకే నమ్మకం నుంచి రెండు విరుద్ధమైన ఫలితాలు పుట్టాయంటే ఆ నమ్మకమే తప్పయి ఉండాలి.

మరి భూమి బరువైన వస్తువును ఎక్కువ బలంతో లాగదా? తప్పక లాగుతుంది. అయితే బరువైన వస్తువును కదిలించడం కూడా అన్ని రెట్లూ కష్టమే. ఖాళీబండిని ఒక మనిషి తోయగలడు. జీడిపిక్కల బస్తాలు నింపిన బండికి జత ఎద్దులు కావాలి. భూమి కొబ్బరికాయను రెండువందల యాభై రెట్ల బలంతో లాగితే, ఆ కాయ రెండువందల యాభై రెట్లు మొండికేస్తుంది. లాగే బలమూ, మొండితనమూ ఒకే లెక్కన పెరుగుతాయి గనుక వేగం పెరిగే తీరు రెండింటికీ ఒకటే అవుతుంది. దానినే గురుత్వ త్వరణమంటారు.

గాలి అడ్డు లేనిచోట ఈక కూడా గుండుతో సమానంగా పడుతుంది. టెక్కలికి దగ్గరలోని తేలినీలాపురానికి ఏటేటా వలసవచ్చే గూడబాతులు రాల్చిన ఈకలు గాలిలో ఊగుతూ తూగుతూ దిగడం చూసిన పిల్లలకు ఈ మాట వింతగా తోచింది. 1971వ సంవత్సరం ఆగస్టు 2న అపోలో–15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ గాలిలేని చంద్రునిపై నిలుచుండి, ఒక చేతిలోని సుత్తినీ మరొక చేతిలోని డేగ ఈకనూ ఒకేసారి విడిచిపెట్టాడనీ, రెండూ కలిసే నేలను తాకాయనీ మాస్టారు చెప్పారు. అక్కడి గురుత్వం ఇక్కడి దానిలో ఆరోవంతు మాత్రమే కనుక అవి తాపీగా పడ్డాయి. కాని సమంగా పడ్డాయి.

అంతవరకు చూడడం. ఆ తరువాత కొలవడం మొదలయింది. వరండా పిట్టగోడ నుంచి నేలకు టేపు వేలాడదీస్తే 4.5 మీటర్లు వచ్చింది. పదిమంది పిల్లలు వంతులవారీగా స్టాప్‌వాచ్ నొక్కారు. ఒకరికి 0.8 సెకను, ఒకరికి 0.9, మరొకరికి 1.1 వచ్చింది. ఎత్తును రెట్టించి కాలవర్గంతో భాగిస్తే గురుత్వ త్వరణం రావాలి. ఒకరి లెక్కలో అది 14కు ఎగబాకింది. ఇంకొకరి లెక్కలో 7.4కు దిగిపోయింది. పుస్తకంలో మాత్రం 9.8 అని ఉంది. తప్పు భూమిది కాదు, స్టాప్‌వాచ్‌ది కూడా కాదు. కాయ పడడానికి పట్టే కాలం సెకనుకు కొంచెం తక్కువ. కన్ను చూసి, మెదడు గ్రహించి, వేలు నొక్కేసరికి సెకనులో ఐదోవంతు గడచిపోతుంది. అంత చిన్న కాలంలో అంత పెద్ద పొరపాటు చొరబడితే లెక్క నిలవదు.

గెలీలియోకు కూడా ఇదే చిక్కు వచ్చింది. ఆయన దగ్గర సెకనులు చూపే గడియారమైనా లేదు. పడిపోవడాన్ని నిదానింపజేయడానికి ఆయన వాలుబల్లపై గోళాలను దొర్లించి, పాత్రలోనుంచి సన్నని ధారగా కారిన నీటిని తూచి కాలాన్ని కొలిచాడు. కాలం రెట్టింపయితే దొర్లిన దూరం నాలుగురెట్లు, కాలం మూడురెట్లయితే దూరం తొమ్మిదిరెట్లు అవుతుందని తేల్చి, 1638లో వెలువడిన తన గ్రంథంలో ప్రకటించాడు. తొందరగా జరిగిపోయే దానిని పట్టుకోవాలంటే మొదట దానిని నెమ్మదింపజేయాలన్నది ఆయన చూపిన దారి.

ఆ దారిలోనే మాస్టారు బీరువా తెరచి దారపు ఉండనూ గుండునూ బయటికి తీశారు. లఘులోలకం కూడా ఒక విధంగా పడిపోతున్న వస్తువే. గుండు కిందికి పడబోతుంది. దారం దానిని పక్కకు మళ్ళిస్తుంది. అది అవతలి వైపు ఎక్కి, మళ్ళీ పడబోతుంది. చిన్న ఊపులతో ఊగినంతవరకు ఒక్కొక్క డోలనానికి పట్టే కాలం గుండు బరువుపై ఆధారపడదు. దారం పొడవుపైన, గురుత్వంపైన ఆధారపడుతుంది. ఒక డోలనానికి బదులు ఇరవై డోలనాలకు కాలం చూస్తే వేలు చేసే పొరపాటు ఇరవై భాగాలుగా పంచబడి చిన్నదైపోతుంది. ఇంటర్మీడియట్ విద్యార్థులు తమ ప్రయోగశాలల్లో చేసేదీ ఇదే ప్రయోగం.

ఆ బాలిక దారాన్ని సరిగా ఒక మీటరుకు కొలిచి కట్టింది. గుండును కొద్దిగా పక్కకు లాగి వదిలి, ఇరవై డోలనాలు లెక్కపెట్టింది. మూడుసార్లు చేసి సగటు తీస్తే 40.5 సెకన్లు వచ్చింది. లెక్క కట్టింది. గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 9.63 మీటర్లని తేలింది.

పక్కనున్న స్నేహితురాలి రికార్డులోకి తొంగిచూసింది. అక్కడ 9.80 ఉంది. వెనుక బల్లమీదా 9.80. వారికి పైతరగతివారి పాత రికార్డు ఒకటి దొరికింది. అందులో ఉన్న జవాబు తెలుసు గనుక అక్కడి నుంచి వెనక్కు నడిచి, ఎంత కాలం వస్తే ఆ జవాబు వస్తుందో కనిపెట్టి, ఆ కాలాన్నే పట్టికలో పొందికగా నింపుకొన్నారు. తరగతి మొత్తంలో తప్పు వచ్చినది తన ఒక్కదానికే అని ఆ బాలికకు సిగ్గు కలిగింది. రబ్బరు తీసి 9.63లోని 6ను చెరపడం మొదలుపెట్టింది. సగం చెరిగేసరికి మాస్టారు రికార్డులు అడిగారు.

ఆయన ఒక్కొక్క పుస్తకమే తిరగవేశారు. కోప్పడలేదు. ఒక పట్టికపై వేలుపెట్టి, "ఇరవై డోలనాలకు 40.14 సెకన్లని రాశారు. మన స్టాప్‌వాచ్ ముల్లు సెకనులో పదోవంతు వరకే చెబుతుంది. ఆ చివరి నాలుగు మీకు ఎవరు చెప్పారు?" అని అడిగారు. గది నిశ్శబ్దమయింది. గోడపక్కన ఎవరో ఆపడం మరచిన లోలకం ఒకటి ఊగుతూనే ఉంది.

తరువాత ఆయన ఆ బాలిక పుస్తకం తెరిచారు. సగం చెరిగిన 6ను చూశారు. "చెరపకమ్మా. ఇది నువ్వు కొలిచిన అంకె. తప్పయితే తప్పు ఎక్కడుందో ఇదే చెబుతుంది. చెరిపేస్తే ఇంక నిన్ను దారిలో పెట్టేది ఏదీ ఉండదు. రేపటిలోగా వెతుకు" అన్నారు.

ఆ సాయంత్రం తల్లి పలాస నుంచి వచ్చింది. జీడిపిక్క పెంకులోని జిడ్డుకు ఆమె వేళ్ళు నల్లబారి ఉండేవి. తీసిన పప్పు బరువును బట్టి కూలి కట్టే పని అది. అందువల్ల తూకమంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. బాలిక తన లెక్క సంగతి చెప్పగా, లోలకం పేరైనా వినని ఆ తల్లి, "ఏటమ్మా, ముల్లు సున్నా మీదున్నాదో లేదో సూడకుండా తూకానికి ఒప్పుకుంటామేటి? నీ కొలత ఎక్కడ మొదలయిందో, ఎక్కడ ఆగిందో ముందు అది సూసుకో" అన్నది.

ఎక్కడ మొదలయింది, ఎక్కడ ఆగింది? మరునాడు బాలిక స్కేలు పట్టుకొని లోలకం ముందు నిలుచుంది. కొలత స్టాండు దగ్గర సరిగానే మొదలయింది. కాని గుండు కొక్కెం దగ్గరే ఆగిపోయింది. ఊగేది దారం కాదు, గుండు. లోలకం పొడవును గుండు కేంద్రం వరకు కొలవాలి. కొక్కెం పొడవు అర సెంటీమీటరు. రెండు సెంటీమీటర్ల వ్యాసమున్న గుండులో సగం ఒక సెంటీమీటరు. ఆమె లోలకం పొడవు 100 సెంటీమీటర్లు కాదు, 101.5 సెంటీమీటర్లు. కాలం మార్చలేదు; 40.5 సెకన్లే. పొడవు మాత్రం సరిదిద్ది మళ్ళీ లెక్క కట్టింది. ఈసారి 9.77 వచ్చింది.

సంతోషంతో పరుగెత్తుకొని వచ్చిన ఆమెకు మాస్టారు ఇంకొక పాఠం మిగిల్చి ఉంచారు. "నీ చేతివేలు మొత్తం మీద పదోవంతు సెకను అటూ ఇటూ కావచ్చునా?" అని అడిగారు. కావచ్చునండి అంది. "అయితే నీ జవాబు 9.72కూ 9.82కూ నడుమ ఎక్కడైనా ఉండవచ్చు. ఆ మాట కూడా రాయి" అన్నారు. ఆమె రాసింది. పాత 9.63ను చెరపకుండా, దానిపై ఒక గీత గీసి, పొడవును కొక్కెం వరకే కొలిచినందువల్ల వచ్చిన దోషమని పక్కన రాసింది. తరగతిలోని 9.80లన్నిటికన్న ఆ పుటలో ఎక్కువ సమాచారం ఉంది. మిగిలిన పిల్లలు కూడా ఆనాటి నుంచి వారంపాటు మళ్ళీ లోలకాలు ఊపారు.

పుస్తకంలోని అంకెకు భిన్నంగా వచ్చిన అంకెను దాచకుండా ఉంచడం వల్ల భూమి ఆకారమే తెలిసివచ్చిన సందర్భం శాస్త్ర చరిత్రలో ఒకటి ఉంది. 1672లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ రిషే పారిస్ నుంచి ఒక లోలకపు గడియారాన్ని దక్షిణ అమెరికాలోని కయెన్ పట్టణానికి తీసుకొనిపోయాడు. అది భూమధ్యరేఖకు చేరువలోని ఊరు. పారిస్‌లో సరిగా నడచిన ఆ గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనుకబడింది. గడియారం చెడిపోయిందని చెప్పి ఊరుకొంటే సరిపోయేది. కాని ఆయన ఆ తేడాను ఓపికగా కొలిచి, లోలకాన్ని ఎంత పొట్టిచేస్తే కాలం సరిపోతుందో గుర్తించి, ఉన్నది ఉన్నట్లు రాశాడు. 1687లో న్యూటన్ తన మహాగ్రంథంలో ఆ కొలతను సాక్ష్యంగా తీసుకొని, భూమి సంపూర్ణ గోళం కాదనీ, భూమధ్యరేఖ దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర అణగి ఉందనీ వాదించాడు.

ఈనాడు తెలిసిన లెక్కల ప్రకారం సముద్రమట్టం వద్ద గురుత్వ త్వరణం భూమధ్యరేఖపై సుమారు 9.780; ధ్రువాలపై 9.832. పలాస అక్షాంశం పందొమ్మిది డిగ్రీలకు కొంచెం తక్కువ గనుక అక్కడి విలువ సుమారు 9.786 అవుతుంది. పిల్లలు కంఠస్థం చేసే 9.8 అన్నది ఈ విలువలన్నిటికీ పనికివచ్చేటట్లు సవరించిన ఒక ఉమ్మడి అంకె. ఉద్దానం పిల్లలకు పడమటి దిక్కున కనిపించే మహేంద్రగిరి ఎత్తు పదిహేనువందల మీటర్లు. దాని శిఖరంపై ఇదే లోలకాన్ని ఊపితే విలువ మూడవ దశాంశ స్థానంలో తగ్గుతుంది. బడిలోని స్టాప్‌వాచ్ ఆ తేడాను పట్టుకోలేదు. తన కొలతకు ఎంతవరకు చూపు ఉందో తెలిసి, అంతవరకే చెప్పడం కూడా శాస్త్రంలో భాగమే.

సెప్టెంబరు నెలలో ఒక ఆదివారంనాడు తాత తోటలో కాయలు దింపించాడు. చెట్టెక్కిన మనిషి గెల నుంచి ఒక్కొక్క కాయనే కోసి వదులుతుండగా బాలిక తల్లి సెల్‌ఫోనులోని స్టాప్‌వాచ్‌తో, చెట్టుకు దూరంగా నిలుచుని, ఇంటికి ఆనుకొని ఉన్న పెద్దచెట్టు కాయలకు కాలం చూసింది. ఐదు కాయల సగటు 1.8 సెకన్లు. ఆ లెక్కన గెల ఎత్తు సుమారు 15.9 మీటర్లు. చెట్టెక్కకుండానే చెట్టు ఎత్తు చెప్పిన మనవరాలిని చూసి తాత మురిసిపోయాడు. "మరి నిజమో కాదో చెట్టెక్కి కొలిచేదెవరు?" అని నవ్వాడు. ఆ కాయ నేలను తాకేటప్పుడు గంటకు దరిదాపు 60 కిలోమీటర్ల వేగంతో ఉంటుందని ఆమె లెక్కచెప్పగా, తాత తన నులకమంచాన్ని మరో నాలుగడుగులు జరిపాడు.

ఆ చెట్టును కొలిచే రోజు ఎవరూ కోరని విధంగా వచ్చింది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలి ఉద్దానాన్ని ఊడ్చివేసింది. కొబ్బరిచెట్లు, జీడిమామిడి చెట్లు లక్షల సంఖ్యలో నేలకూలాయి. రెండు మూడు తరాలకు అన్నంపెట్టిన తోటలు కొన్ని గంటల్లో కట్టెలకుప్పలయ్యాయి. తెల్లవారి బయటికి వచ్చిన జనానికి ఎన్నడూ కనిపించని పక్క ఊళ్ళ ఇళ్ళు నేరుగా కనిపించాయి. నడుమనున్న పచ్చని తెర లేదు.

ఇంటికి ఆనుకొని ఉన్న పెద్దచెట్టు వేళ్ళతో సహా పెళ్ళగిలి పెరటికి అడ్డంగా పడి ఉంది. వారం గడిచాక ఒక మధ్యాహ్నం ఆ బాలిక బడి నుంచి అడిగి తెచ్చిన టేపుతో చెట్టు మొదలు నుంచి గెల ఉన్న చోటు వరకు మెల్లగా నడిచింది. 14.6 మీటర్లు. తాను చెప్పినది 15.9. తేడా మీటరుకు పైనే. కాలంలో చూస్తే అది 0.07 సెకను మాత్రమే. అందులో కొంత వేలు ఆలస్యం. కొంత గాలి కాయను పట్టి ఆపిన ఆలస్యం. తాత అరుగుమీద కూర్చుని ఇదంతా చూస్తూ, "ఎంతొచ్చింది?" అని అడిగాడు. ఆమె రెండు అంకెలూ చెప్పింది. తాత చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, ఆ చెట్టును తన తండ్రి నాటాడని మాత్రం అన్నాడు.

నష్టం లెక్క రాసేవారు వస్తున్నారని ఊళ్ళో కబురయింది. తోటలో ఉన్నవి మొత్తం 31 చెట్లు. వాటిలో 22 కూలాయి. మూడింటికి మొవ్వు విరిగింది. ఆరు చెట్లు గాలికి వంగి, ఆకులు చీలికలై, ఎలాగో నిలిచాయి. పోయినది పోయింది, మొత్తం 31 అని చెప్పెయ్యమని పొరుగువారొకరు మంచికోరే సలహా ఇచ్చారు. ఆ కష్టంలో ఆ సలహాను తప్పుపట్టగలవారు తక్కువ. తాత మనవరాలిచేత కాగితం తెప్పించి, "పడ్డవి పడ్డాయని రాయమ్మా. మొవ్వు ఇరిగినవి ఇరిగాయని రాయి. నిలబడ్డదాన్ని కూడా పడిందని రాసేస్తే, రేపు దాని నీడలో ఎలాగ కూకుంటాం?" అన్నాడు. ఆమె మూడు వరుసల్లో రాసింది: 22, 3, 6. ఆ అక్షరాలు రాస్తున్నపుడు రబ్బరు అవసరం ఆమెకు కలగలేదు.

ఆ తాతకు మూత్రపిండాల జబ్బు ఉండేది. ఉద్దానపు పల్లెల్లో కొన్ని దశాబ్దాలుగా ఎన్నో ఇళ్ళను పట్టి పీడిస్తున్న వ్యాధి అది. కొన్ని నెలలకొకమారు ఆయన టెక్కలి వెళ్ళి రక్తపరీక్ష చేయించుకొని వచ్చేవాడు. ఆ పరీక్ష కాగితంపై క్రియాటినిన్ అన్న మాటకు ఎదురుగా ఒక అంకె ఉండేది. కాగితం చేతికి రాగానే ఇంటిల్లిపాదీ ఆ ఒక్క అంకె కోసమే వెతికేవారు. తుపాను తరువాత తాతతో కలిసి టెక్కలి నుంచి బస్సులో తిరిగివస్తూ ఆ బాలిక కాగితాన్ని మడతవిప్పి చూసింది. అక్కడ కూడా ఎవరో కొలిచారు. ఏదో ఒక యంత్రం ముందు నిలుచుని, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకొని, వచ్చినది వచ్చినట్లు రాశారు. పొందికగా ఉంటుందని ఎవరైనా ఆ గడిలో అందరికీ ఒకే అంకె నింపేసి ఉంటే తాత ఏ మందు వేసుకోవాలి? ప్రయోగశాలలోని 40.14 ఎంత పెద్ద తప్పో ఆమెకు ఆ బస్సులో తెలిసింది.

ఉద్దానంలో ఈ వ్యాధికి కారణమేమిటన్న ప్రశ్నకు తిరుగులేని జవాబు ఇంతవరకు దొరకలేదు. తాగే నీరు కారణమన్నవారున్నారు. పురుగుమందులన్నవారున్నారు. ఎండలో నీరు తాగకుండా చేసే శ్రమ అన్నవారు, వంశంలో వచ్చే గుణమన్నవారు కూడా ఉన్నారు. దేశవిదేశాల శాస్త్రజ్ఞులు వచ్చి నీటినీ నేలనూ రక్తాన్నీ పరీక్షించారు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల వ్యాధుల పరిశోధన కేంద్రమూ, దానితోపాటు 200 పడకల ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. పుస్తకం చివరి పుటలో జవాబు అచ్చయి ఉన్న ప్రశ్న కాదిది. వెనక్కు నడిచి నింపుకొనేందుకు ఇక్కడ 9.80 లేదు. ఎన్ని ఇళ్ళలో, ఎన్ని బావుల దగ్గర, ఎంతమంది మనుషుల నుంచి నిజమైన కొలతలు పోగుపడితే అంత చేరువగా ఆ జవాబు వస్తుంది.

ఆ కొలతలు తీసుకొనేవారిలో కొందరు నేడు ఇంటర్మీడియట్ ప్రయోగశాలల్లో లోలకం ముందు నిలుచుని ఉండవచ్చు. వారి పక్కన ఒక పాత రికార్డు తెరిచి ఉండవచ్చు. అందులోని జవాబు వారి చేతిలోని స్టాప్‌వాచ్ చూపిన జవాబుకన్న అందంగా ఉండవచ్చు. ఎంచుకోవలసినది అక్కడే.

పెద్దచెట్టు పెళ్ళగిలిన గోతిలోనే తాత ఆ మరుసటి వానాకాలంలో ఒక కొబ్బరిమొక్క నాటాడు. అది కాపుకు రావడానికి ఏండ్లు పడుతుందని ఆయనకు తెలుసు. బాలిక దాని పక్కన స్కేలు నిలిపి ఎత్తు చూసి, లోలకం ప్రయోగం రాసిన రికార్డు చివరి పుటలో, గీత గీసిన 9.63కూ, 15.9కూ, 14.6కూ కింద తేదీ వేసి రాసుకొంది: 62 సెంటీమీటర్లు.